బందరు రేవు ఎందుకు ఆలస్యమైంది? ద్రవ్య సంక్షోభంలో ప్రైవేటు పెట్టుబడుల తీరు

పామిడిముక్కల, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ ప్రాంతాల నుంచి ఎగుమతికి పోయే బియ్యం చాలాకాలంగా కాకినాడ దారి పడుతూ వచ్చింది. గంట, గంటన్నర ప్రయాణంలో సముద్రం ఉండగా దాదాపు రెండు వందల కిలోమీటర్ల లారీ కిరాయి భరించి సరుకు పంపడం ఇక్కడి మిల్లర్లకు, కమీషను వర్తకులకు అలవాటైపోయింది. బందరులో రేవు వస్తుందన్న మాట వారు ఎన్నోమార్లు విన్నారు. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబునాయుడు, 2023 మేలో వై.ఎస్. జగన్మోహనరెడ్డి, ఇలా ముగ్గురు ముఖ్యమంత్రులు ఒకే రేవుకు ప్రారంభోత్సవాలు జరిపారు. మొదటి ఉత్సవానికీ మూడవ ఉత్సవానికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి.

ఈ ఆలస్యానికి రాజకీయాలు, భూముల చిక్కులు కారణమని సాధారణంగా చెబుతారు. అవీ ఉన్న మాట నిజమే. కాని అన్నిటికన్నా ముందు తగిలిన దెబ్బ డబ్బు వైపు నుంచి వచ్చింది. మొదటి శంకుస్థాపన జరిగిన అయిదు నెలలకే ప్రపంచ ద్రవ్య మార్కెట్లు కుప్పకూలాయి. అప్పటికి బందరు రేవుకు రాయి పడింది గాని అప్పు పుట్టలేదు. రేవులు, రోడ్లు, విద్యుత్ కేంద్రాలలో ప్రైవేటు పెట్టుబడి సంక్షోభకాలంలో ఎందుకు ఆగిపోతుందో, ఏది ఆగదో తెలుసుకోవడానికి ఈ ఒక్క రేవు కథ చాలు.

పంట అప్పు, రేవు అప్పు

ధాన్యం వర్తకుని అప్పు స్వభావం అందరికీ తెలిసినదే. కోతల కాలంలో సరుకు కొని, గిడ్డంగిలో నిల్వ ఉంచి, రశీదు బ్యాంకులో తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చుకుంటారు. మూడు నాలుగు నెలలలో సరుకు అమ్ముడై అప్పు తీరిపోతుంది. ధర పడిపోయినా నష్టం ఆ ఒక్క పంటకే పరిమితం. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు పెరిగింది ఇటువంటి డెల్టా ఊళ్ల డిపాజిట్లు, వ్యాపారాల మీదనే. డిపాజిటుదారు ఏడాదికో, మూడేళ్లకో సొమ్ము తిరిగి అడుగుతాడు. కనుక బ్యాంకు ఇచ్చే అప్పు కూడా ఆ గడువుకు దరిదాపుగా ఉండడం న్యాయం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

రేవు అప్పు ఇందుకు పూర్తిగా భిన్నం. ముందు సముద్రంలోకి అలలకు అడ్డుగోడలు కట్టాలి. ఓడ వచ్చే కాలువ తవ్వాలి. బెర్తులు, రోడ్డు, రైలు మార్గం వేయాలి. బందరు తీరం మేటలు వేసే తీరం. పాతకాలంలో ఓడలు దూరాన లంగరు వేస్తే, పడవలలో సరుకు ఒడ్డుకు చేర్చేవారు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరులో దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన చూసిన తీరం కనుక కట్టడాలు బలంగా ఉండక తప్పదు. ఇంత ఖర్చూ మొదటి ఓడ రాకముందే పెట్టాలి. ఆ తరువాత కూడా సరుకు రాబడి ఏటేటా కొద్దికొద్దిగా పెరుగుతుంది. అప్పు తీరడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.

ఇటువంటి దీర్ఘకాల రుణాలకు దేశంలో పూర్వం ప్రత్యేక సంస్థలు ఉండేవి. ఐ.సి.ఐ.సి.ఐ., ఐ.డి.బి.ఐ. వాటిలో ముఖ్యమైనవి. మొదటిది 2002లో, రెండవది 2004లో సాధారణ వాణిజ్య బ్యాంకులుగా మారిపోయాయి. తత్ఫలితంగా రేవులకు, రోడ్లకు అప్పు ఇచ్చే భారం డిపాజిట్లపై నడిచే బ్యాంకుల మీద పడింది. అంటే మూడేళ్ల సొమ్మును ఇరవై ఏళ్ల పనికి పెట్టడమన్న మాట. డబ్బు పుష్కలంగా ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ కనిపించదు. డబ్బు బిగిసిన రోజున మొదట కోత పడేది ఇటువంటి అప్పులకే.

ఇక్కడ వర్తకులు ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. టెండరు దక్కడం, ఒప్పందంపై సంతకాలు, శంకుస్థాపన, ఇవేవీ డబ్బు వచ్చినట్లు కాదు. అప్పు ఇచ్చే బ్యాంకులన్నీ సంతకాలు చేసి, యజమాని తన వాటా సొమ్ము చూపించి, డబ్బు విడుదలకు షరతులన్నీ తీరిన దశను ఫైనాన్షియల్ క్లోజర్ అంటారు. తెలుగులో రుణాల ఖరారు అనుకోవచ్చు. బేరంలో బయానా ముట్టడం వంటిదది. అంతవరకు జరిగినదంతా మాటల బేరమే.

2008లో జరిగినది

2008 జనవరిలో బొంబాయి షేర్ల సూచీ 21,000 తాకింది. రూపాయి డాలరుకు 39 చిల్లర పలికింది. మౌలిక సదుపాయాల కంపెనీల షేర్లకు గిరాకీ జోరుగా ఉంది. కొత్త షేర్లు అమ్మి యజమాని వాటా సమకూర్చుకోవడం, ఉన్న షేర్లు తాకట్టు పెట్టి మరికొంత తెచ్చుకోవడం సులభంగా సాగింది.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. విదేశీ సంస్థలు ఇక్కడి షేర్లు అమ్మి సొమ్ము వెనక్కు తీసుకుపోసాగాయి. అక్టోబరు చివరికి షేర్ల సూచీ ఒక దశలో 8,000 దిగువకు జారింది. నవంబరు నాటికి డాలరు 50 రూపాయల చేరువకు వచ్చింది. బ్యాంకుల మధ్య ఒక్క రాత్రి అప్పుపై వడ్డీ అక్టోబరులో 20 శాతం దరిదాపులకు ఎగబాకింది. ఒక బ్యాంకు మరొక బ్యాంకును నమ్మని స్థితిలో, ఇంకా కట్టని రేవును నమ్మే బ్యాంకు ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. రిజర్వు బ్యాంకు 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ లోపల రెపో రేటును 9 శాతం నుంచి 4.75 శాతానికి, నగదు నిల్వల నిష్పత్తిని 9 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. మౌలిక సదుపాయాల రుణాలకై 2006లో ఏర్పడిన ఐ.ఐ.ఎఫ్.సి.ఎల్. సంస్థ పన్ను లేని బాండ్ల ద్వారా 10,000 కోట్ల రూపాయలు సేకరించడానికి 2008 డిసెంబరులో కేంద్రం అనుమతించింది. ప్రపంచ బ్యాంకు కూటమిలోని ఐ.ఎఫ్.సి. కూడా వర్ధమాన దేశాలలో ఆగిపోయిన ఇటువంటి పథకాలకు ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది. అయితే వడ్డీ తగ్గినంత మాత్రాన అప్పు పుట్టదు. బ్యాంకులు యజమాని వాటా ఎక్కువ చూపమన్నాయి, హామీలు పెంచమన్నాయి. ఈ షరతులు తీర్చగలవాడు నిలిచాడు, తీర్చలేనివాడు ఆగాడు.

షరతులలోని చిన్న మార్పు ఎంత బరువో ఒక లెక్కతో తెలుస్తుంది. 1,000 కోట్ల రూపాయల పనికి 700 కోట్లు అప్పు అనుకుందాం. ఆ సొమ్ము మొదటి రోజునే వాడుకొని, మూడేళ్లు రాబడి లేకుండా గడిస్తే, 10 శాతం చక్రవడ్డీ మీద అప్పు సుమారు 932 కోట్లవుతుంది. 13 శాతం మీద 1,010 కోట్లవుతుంది. అదే 13 శాతం మీద పని అయిదేళ్లు సాగదీస్తే 1,290 కోట్లకు చేరుతుంది. పని విలువ పెరగలేదు. అప్పు మాత్రం దాదాపు రెట్టింపు అయింది. మౌలిక సదుపాయాల వ్యాపారంలో ఎక్కువ వడ్డీ కన్నా ఎక్కువ కాలమే ప్రమాదకరం.

హైదరాబాదు మెట్రో లెక్క

బందరు రేవును మొదట దక్కించుకున్న కంపెనీల కూటమికి మేటాస్ సంస్థ నాయకత్వం వహించింది. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుని కుటుంబానికి చెందినది ఈ సంస్థ. అదే కాలంలో హైదరాబాదు మెట్రో రైలు టెండరు కూడా ఈ సంస్థ నాయకత్వంలోని కూటమికే దక్కింది. రేవు కథ అర్థం కావాలంటే మెట్రో లెక్క కూడా చూడాలి.

ఇటువంటి పథకాలకు ప్రభుత్వం నుంచి గ్రాంటు అడగడం ఆనవాయితీ. మేటాస్ కూటమి గ్రాంటు అడగలేదు సరికదా, 34 ఏళ్ల కాలంలో తానే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానని టెండరు వేసింది. స్టేషన్లు, డిపోల వద్ద భూముల అభివృద్ధి మీద వచ్చే రాబడి ఈ లెక్కకు ఆధారం. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ఈ పద్ధతిని ఆక్షేపిస్తూ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. కాని అంకె పెద్దది కావడంతో ఆ అభ్యంతరం వెనకబడింది.

వడ్డీ తెలిసిన వర్తకునికి ఈ అంకె మోసపుచ్చదు. 30 ఏళ్ల తరువాత చేతికందే 100 రూపాయలకు, 12 శాతం వడ్డీ లెక్కన, ఈనాటి విలువ 3 రూపాయల 34 పైసలు మాత్రమే. దూరపు గడువుపై ఇచ్చే మాటకు ఖర్చు తక్కువ. భూముల ధరలు ఏటా పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంపై ఆ మాట నిలబడింది. ఒప్పందం 2008 సెప్టెంబరు 19న కుదిరింది. లేమన్ బ్రదర్స్ కూలి అప్పటికి నాలుగు రోజులు.

ఆ తరువాత జరిగినది విదితమే. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ తన నగదుతో మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించి, వాటాదారుల ఆగ్రహంతో గంటలలోనే వెనక్కు తగ్గింది. 2009 జనవరి 7న సత్యం అధిపతి తన ఖాతాలలో లేని నగదు ఉన్నట్లు చూపానని లేఖ ద్వారా అంగీకరించారు. లేని సొమ్ము 5,000 కోట్ల రూపాయలు దాటింది. మెట్రోకు రుణాల ఖరారు కాలేదు. 2009 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది.

తిరిగి టెండర్లు పిలవగా 2010లో ఎల్ అండ్ టి సంస్థ 1,458 కోట్ల రూపాయల గ్రాంటు కోరి పనిని దక్కించుకున్నది. ప్రభుత్వానికి 30,311 కోట్లు వస్తాయన్న చోట ప్రభుత్వమే 1,458 కోట్లు ఇవ్వవలసి రావడం గమనార్హం. పనికి అసలు ధర ఇదే. మొదటిది బజారు వేడిలో పలికిన ధర. మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైంది. అంతటితో కథ ముగియలేదు. అప్పుల భారం, 2020లో కరోనా కాలపు మూసివేత తోడై రాబడి చాలలేదు. సుమారు 13,000 కోట్ల అప్పు తనపై వేసుకొని, వాటాకు సుమారు 2,000 కోట్లు చెల్లించి మెట్రోను తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది.

బందరుకు తగిలిన దెబ్బ

మేటాస్ చిక్కుల్లో పడగానే బందరు రేవు కూటమికి ఆధారం పోయింది. కూటమి పగ్గాలు నవయుగ సంస్థ చేతికి వచ్చాయి. ప్రభుత్వంతో కొత్త ఒప్పందం 2010 జూన్‌లో కుదిరింది. రెండేళ్ల కాలం ఈ మార్పులోనే గడిచింది. ఆ తరువాత వివాదం భూమి మీదకు మళ్లింది. ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన భూమి ప్రభుత్వం అప్పగించలేదని కంపెనీ వాదన. కంపెనీ రుణాలు సమకూర్చుకోక పని సాగదీసిందని ప్రభుత్వ వాదన.

ఈ రెండు వాదనలూ ఒక దానికొకటి ముడిపడి ఉన్నాయి. భూమి చేతికి రానిదే బ్యాంకు అప్పు ఇవ్వదు. అప్పు పుట్టని కంపెనీకి భూమి ఇవ్వడానికి ప్రభుత్వం తొందరపడదు. డబ్బు పుష్కలంగా ఉన్న రోజుల్లో ఈ ముడిని బ్యాంకులే చూసీచూడనట్లు విప్పుతాయి. సంక్షోభం తరువాత అవి అంగుళం కదలవు. 2008 వేసవిలో చిన్న విషయమైన భూమి చిక్కు 2010 తరువాత పెద్ద అడ్డంకిగా మారడానికి కారణం ఇదే.

మధ్యలో నలిగినవారు రైతులు. 2015, 2016 సంవత్సరాలలో రేవుకు, అనుబంధ పరిశ్రమలకు భూసేకరణ, భూసమీకరణ ప్రకటనలు వెలువడ్డాయి. ప్రకటనలో పేరు పడిన పొలానికి కొనేవాడు దొరకడం కష్టం. తాకట్టు పెట్టి అప్పు తేవడమూ కష్టం. రేవు వస్తే లాభం ఎవరికో గాని, రాకపోతే నష్టం మాత్రం ఆ పొలం గట్టు మీదే తేలింది.

2019 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం నవయుగ ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం హైకోర్టుకు ఎక్కింది. 2022 ఆగస్టులో కంపెనీ పిటిషన్‌ను కోర్టు కొట్టివేసింది. ఆ పిమ్మట ప్రభుత్వమే తన సంస్థ ద్వారా రేవు నిర్మాణం చేపట్టింది.

ఈ తీరు ఒక్క రేవుకే పరిమితం కాదు. పామిడిముక్కల మండలం మీదుగా పోయే విజయవాడ–మచిలీపట్నం రహదారి విస్తరణ కూడా తొలుత టోలు వసూలు పద్ధతిపై ప్రైవేటుకు అప్పగించినదే. పని సాగక ఆ ఒప్పందం రద్దయింది. చివరకు ప్రభుత్వ సొమ్ముతో, కట్టి ఇచ్చే కాంట్రాక్టు పద్ధతిపై నాలుగు వరుసల రోడ్డు పూర్తయింది.

నిలబడిన రేవులు

సంక్షోభం వచ్చిన ప్రతి చోటా ప్రైవేటు పని ఆగిపోతుందనుకోవడం పొరపాటు. ఇదే కోస్తాలో, ఇదే కాలంలో రెండు ప్రైవేటు రేవులు పనిలోకి వచ్చాయి. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవు తొలి దశ 2008 జులైలో ప్రారంభమైంది. విశాఖ వద్ద గంగవరం రేవు 2009లో పనిచేయసాగింది. కృష్ణపట్నం కట్టినది నవయుగ సంస్థే. అదే కంపెనీ ఒక చోట రేవు కట్టి, మరొక చోట కట్టలేకపోవడం ఆలోచించదగిన విషయం.

తేడా నైపుణ్యంలో లేదు, సరుకులోనూ లేదు. కృష్ణపట్నం, గంగవరం రేవుల పనులు 2008 సెప్టెంబరుకు చాలా ముందే మొదలయ్యాయి. అప్పు చేతికి అందింది, పని సగానికి పైగా నడిచింది. సగం కట్టిన రేవును బ్యాంకు వదులుకోదు. వదిలితే తన అసలే మునిగిపోతుంది. రాయి మాత్రమే పడిన రేవును వదులుకోవడానికి బ్యాంకుకు పైసా ఖర్చు లేదు. ఇటీవల 2020, 2021 సంవత్సరాలలో ఆ రెండు రేవులూ అదానీ సంస్థ చేతికి వెళ్లాయి. యజమాని మారినా రేవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. కట్టి నిలిచిన ఆస్తికి కొనుగోలుదారు దొరుకుతాడు. కాగితం మీది రేవుకు దొరకడు.

చౌక అప్పు తెచ్చిన చేటు

సంక్షోభం నుంచి బయటపడడానికి బ్యాంకులు 2009 తరువాత మౌలిక సదుపాయాలకు ధారాళంగా అప్పు ఇచ్చాయి. దీని ఫలితం కూడా కృష్ణా తీరంలోనే చూడవచ్చు. కొండపల్లి వద్ద లాంకో సంస్థ గ్యాసు విద్యుత్ కేంద్రం 2000లో ఉత్పత్తి ప్రారంభించింది. కరెంటు కొనేవారు ఖాయం కనుక మొదటి కేంద్రం నిలదొక్కుకుంది. కృష్ణా–గోదావరి సముద్ర గర్భంలోని డి6 గ్యాసు 2009 ఏప్రిల్‌లో రాసాగింది. దానిని నమ్ముకొని కొండపల్లిలోనూ, రాష్ట్రంలో ఇతర చోట్లా కొత్త కేంద్రాలు వెలిశాయి. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు దాదాపు ఆగిపోయింది. యంత్రాలున్నాయి, అప్పులున్నాయి, గ్యాసు లేదు. లాంకో మాతృసంస్థ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

2018 మార్చి నాటికి దేశంలో బ్యాంకుల మొండి బకాయిలు మొత్తం అప్పులలో 11 శాతం దాటాయి. వాటిలో విద్యుత్తు, రోడ్లు, ఉక్కు వంటి భారీ పనుల వాటా గణనీయం. మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థను 2009లో ఆదుకోవడానికి వచ్చిన ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. కూటమి తానే 2018లో బకాయిలు చెల్లించలేక చేతులెత్తేసింది. దాని అప్పు 90,000 కోట్ల రూపాయలు దాటింది. కొద్దికాలపు అప్పు తెచ్చి దీర్ఘకాలపు పనులలో పెట్టడమే దాని పతనానికి కూడా ముఖ్య కారణం. ఒక సంక్షోభంలో రక్షకునిగా వచ్చినవాడు మరొక సంక్షోభానికి మూలమయ్యాడు.

పరాయి దేశాల అనుభవం

రూపాయలలో అప్పు చేసి రూపాయలలో వసూలు చేసే మన పథకాల గతే ఇలా ఉండగా, డాలర్లలో లెక్క కట్టిన వర్ధమాన దేశాల పాట్లు మరీ ఎక్కువ. 1997కు ముందు ఇండోనేషియాలో ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు చాలా మంజూరయ్యాయి. కరెంటు కొనవలసినది అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ. వసూళ్లు రుపియాలలో, చెల్లింపులు డాలర్ల విలువతో ముడిపెట్టి. 1997 మధ్యలో డాలరుకు సుమారు 2,400 ఉన్న రుపియా 1998 జనవరిలో 10,000 దాటి పడిపోయింది. ఇంట్లో దీపం వెలిగించుకునేవాని బిల్లు నాలుగింతలు చేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఒప్పందాలు కొన్ని ఆగిపోయాయి, కొన్ని తిరగరాశారు. మహారాష్ట్రలో ఎన్రాన్ సంస్థ దభోల్ కేంద్రం కూడా డాలరుతో ముడిపెట్టిన ధరల వల్లనే వివాదంలో చిక్కి 2001లో మూతపడింది.

రెండు సంక్షోభాలలోనూ కనిపించిన లక్షణం ఒకటే. ప్రైవేటు పెట్టుబడి అన్ని చోట్లా సమంగా తగ్గదు. రాబడి ఖాయమైన పెద్ద పథకాలకు, పెద్ద దేశాలకు, పెద్ద కంపెనీలకు డబ్బు చేరుతుంది. చిన్న ఊళ్ల పథకాలు, ఇంకా మొదలుకాని పథకాలు వెనకబడతాయి. బందరు రేవు ఈ రెండవ కోవలోనిది.

ప్రభుత్వమే కడితే ప్రమాదం పోతుందా?

2023 మేలో తపసిపూడి వద్ద పని మొదలైన రేవు తొలి దశ అంచనా సుమారు 5,156 కోట్ల రూపాయలు. నాలుగు బెర్తులతో ఏడాదికి సుమారు 35 మిలియన్ టన్నుల సరుకు దింపి ఎక్కించే ఏర్పాటు. నిర్మాణం మేఘా ఇంజనీరింగ్ సంస్థకు కాంట్రాక్టుకు ఇచ్చారు. పెట్టుబడిలో అధిక భాగం పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ నుంచి తెచ్చిన అప్పు. దీర్ఘకాల రుణాల కొరత తీర్చడానికి కేంద్రం 2021లో మరల ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది కూడా. రెండు దశాబ్దాల క్రితం మూసిన తలుపును తిరిగి తెరిచారన్న మాట.

ఈ పద్ధతిలో రుణాల ఖరారు తేలిక. కాంట్రాక్టరుకు పని చేసినంత మేరకు బిల్లు ముడుతుంది. సరుకు వచ్చినా రాకపోయినా అతనికి నష్టం లేదు. నష్టభయం పోలేదు, చేతులు మారింది. రేవుకు సరుకు రాకపోతే వడ్డీ కట్టవలసినది ప్రభుత్వ సంస్థ, అంటే చివరకు పన్ను కట్టేవారు. ప్రైవేటు పద్ధతిలో నష్టం కంపెనీది, బ్యాంకుది కావలసి ఉన్నా, మెట్రో అనుభవం చూస్తే అక్కడా అప్పు చివరకు ప్రభుత్వం నెత్తినే పడింది. కనుక ఎవరు కట్టారన్నదాని కన్నా, సరుకు అంచనా ఎంత నిజాయితీగా వేశారన్నది, అప్పు గడువు రాబడి గడువుతో సరిపోయిందా అన్నది ముఖ్యం.

వర్తకులు గమనించవలసినవి

పామిడిముక్కల వర్తకుడొకరు 2008 శంకుస్థాపన వార్త చూసి, రేవు నాలుగేళ్లలో వస్తుందన్న ఆశతో, బందరు రోడ్డు పక్కన గిడ్డంగి స్థలానికి 12 శాతం వడ్డీపై 10 లక్షలు అప్పు తెచ్చాడనుకుందాం. 2023లో పని నిజంగా మొదలయ్యేనాటికి, వడ్డీ కట్టకుండా ఉంటే, ఆ అప్పు సుమారు 54 లక్షల 70 వేలు అవుతుంది. స్థలం ధర అయిదున్నర రెట్లు పెరిగితే గాని పెట్టిన సొమ్ముకు సరిపోదు. గిడ్డంగిపై కిరాయి అప్పటికింకా మొదలే కాలేదు.

ఇటువంటి వార్తలు వచ్చినప్పుడు దళారులు, వర్తకులు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. రుణాల ఖరారు జరిగిందా, లేక ఒప్పందం మాత్రమే కుదిరిందా? యజమాని వాటా నగదు రూపంలో ఉన్నదా, లేక షేర్ల ధర, భూముల ధర మీద ఆధారపడి ఉన్నదా? భూమి నిర్మాణదారు చేతికి వచ్చిందా? రేవుకు తొలి అయిదేళ్లు సరుకు ఇచ్చేదెవరు? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన రేవును సంక్షోభం ఆలస్యం చేయగలదు గాని ఆపలేదు. ఒక్కదానికీ జవాబు లేని రేవును ఆపడానికి సంక్షోభం కూడా అక్కరలేదు.

నాలుగవ ప్రశ్నకు జవాబు మాత్రం కొంతవరకు ఈ ప్రాంతపు వర్తకుల చేతిలోనే ఉన్నది. 35 మిలియన్ టన్నుల రేవు డెల్టా బియ్యం మీద మాత్రమే నిండదు. బొగ్గు, ఎరువులు, సిమెంటు, కంటెయినర్ల వంటి బరువు సరుకులు దానికి ప్రధానం. అయినా బియ్యం, చేపలు, రొయ్యల ఎగుమతిదారులు కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం కిరాయిలతో పోల్చి లెక్క సిద్ధంగా ఉంచుకోవాలి. అక్కడ ఓడలు తరచుగా వస్తాయి. సర్వేయర్లు, గిడ్డంగులు, షిప్పింగ్ ఏజెంట్లు ఉన్నారు. లారీ కిరాయిలో ఆదా అయ్యేదంతా ఓడ కోసం ఎదురుచూసే రోజుల వడ్డీకి పోతే దగ్గర రేవు వల్ల ప్రయోజనం లేదు. బందరులో మొదటి బెర్తుకు ఓడ చేరిన రోజున కాక, ఓడలు వారం తప్పకుండా రాసాగిన రోజున స్థలాలకు, గిడ్డంగులకు నిజమైన ధర తేలుతుంది. అంతవరకు సొంత సొమ్ముతో కొన్నవారు నిలబడగలరు. వడ్డీ సొమ్ముతో కొనేవారు 2008 అంకెలు ఒకసారి తిరగవేసి చూసుకోవడం క్షేమం.